మూలలరిగిన మర

ఇంట్లో ఒక మర బిగుసుకుపోయి ఊడిరాకపోతే మనవాళ్ళు వెతికేది బలమైన చేతిని. "నువ్వు తప్పుకో, నేను చూస్తాను" అంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి తిప్పుతారు. చివరికి తిరిగేది మర కాదు, పనిముట్టు. మర తలలోని గాడి అరిగి, నునుపుగా, గుండ్రంగా తయారై, ఇక దేనికీ పట్టు దొరకకుండా పోతుంది. అప్పుడు అందరూ కలిసి ఆఖరున తిప్పినవాణ్ణి తిడతారు.

నేనూ అలాగే ఒకణ్ణి తిట్టాను. తిట్టకూడని వాణ్ణి, అనకూడని మాట అని తిట్టాను. ఆ సంగతి దాచిపెట్టి "మరలు ఊడదీయుట ఎట్లు" అని ఉపన్యాసం మొదలుపెట్టడం న్యాయం కాదు కనుక ముందు అదే చెబుతాను.

* * *

పోయిన వేసవిలో మా మేనల్లుడు ఒక పొడవాటి సంచీ పట్టుకుని అంబర్‌పేటలో మా ఇంటికి వచ్చాడు. వాడు అశోక్‌నగర్‌లో గది తీసుకుని ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు చదువుకుంటున్నాడు. సంచీలో ఉన్నది వాళ్ళ నాన్న, అంటే మా బావ, వాడిన ఎయిర్ రైఫిల్. బావ పోయి నాలుగేళ్ళయింది. ఆ తుపాకి అక్క ఇంట్లో బీరువా పైన అలాగే ఉండిపోయింది. దాని చెక్క కుందా సన్నని మెడ దగ్గర చీలింది. కొత్త కుందా చేయించి, అన్నీ విప్పి, తుడిచి, మళ్ళీ కూర్చుకోవాలని వాడి కోరిక. "నాన్నది కదా మామయ్యా, బయట ఇవ్వబుద్ధి కావట్లేదు. మనమే చేద్దాం" అన్నాడు.

తుపాకి అనగానే ఉలిక్కిపడేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇంట్లో తుపాకి తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం, 2019 సవరణ తర్వాత శిక్ష ఇంకా కఠినమైంది. అమెరికాలో తమ సొంతానికి రైఫిలును విడిభాగాలతో ఇంట్లోనే కూర్చుకునే అభిరుచిపరులు చాలామంది ఉన్నారు. అక్కడి చట్టం వేరు, మన చట్టం వేరు. ఇక్కడ మన చేతికందేది గాలితో పనిచేసే తుపాకి మాత్రమే. 0.177 అంగుళానికి మించని గొట్టం, 20 జౌళ్ళకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిలుకు 2016 నాటి ఆయుధాల నియమాలు లైసెన్సు అడగవు. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిలుతోనే. ఆయన తుపాకి వేరే తరగతిది, మా బావది గొట్టాన్ని మడిచి స్ప్రింగును బిగించే పాతరకం. కాని రెంటిలోనూ పోసే గుండు ఒకటే, 4.5 మిల్లీమీటర్లది.

ఈ 4.5 మిల్లీమీటర్లు, 0.177 అంగుళం ఒకే కొలతకు రెండు పేర్లు. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

గోల్నాక వైపు ఉండే ఒక వడ్రంగి పాత కుందా బయటి కొలతలు తీసుకుని టేకు చెక్కను చెక్కి పెట్టాడు. లోపలి గాడి చెక్కాలంటే గొట్టం విడిగా కావాలన్నాడు. కుందాను గొట్టానికి పట్టి ఉంచేవి నాలుగు మరలు. వెనకవి రెండూ మామూలు గాడి మరలు, స్క్రూడ్రైవరుతో మర్యాదగా వచ్చేశాయి. ముందువైపు చెరో పక్కన ఉన్న రెండు మాత్రం తలలో ఆరు పలకల గుంట ఉన్నవి. వాటికి ఎలెన్ కీ కావాలి. నా పనిముట్ల పెట్టెలోని 3 మిల్లీమీటర్ల కీ తీసి ఇచ్చాను. ఎడమ మర టక్కున తిరిగి వచ్చేసింది. కుడిది కదల్లేదు.

"మామయ్యా, దీనికి కీ కొంచెం వదులుగా ఉన్నట్టుంది" అన్నాడు వాడు.

"వదులేమీ కాదు. ఎడమదానికి సరిపోయింది కదా. బలంగా తిప్పు. పొద్దున్నించీ అన్నం తినలేదా ఏమిటి?"

వాడు బలంగా తిప్పాడు. కీ గిర్రున తిరిగింది. గుంట మూలలు పోయాయి. వంగి చూస్తే ఆరు పలకలు ఉండవలసిన చోట అద్దంలా మెరిసే గుండ్రని గుంట.

నేను అన్న మాట ఇది: "మీ నాన్నయితే ఇలా పాడుచేసేవాడు కాదు."

వాడు ఏమీ అనలేదు. కీ బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

* * *

ఆ తర్వాత ఒకటిన్నర రోజులు నేను చేసిన ప్రయోగాలు చెబుతాను. వీటిలో ఒక్కటీ చెడ్డ పద్ధతి కాదు. ప్రతిదానికీ తగిన చోటు ఉంది. నేను ఆ చోటు చూడకుండా వరసగా ప్రయోగించాను.

మొదటిది రబ్బరు. సైకిలు ట్యూబు ముక్కను గుంటమీద పరచి దానిమీంచి కీని నొక్కి తిప్పడం. అరిగిన చోట్లలో రబ్బరు నిండి పట్టు ఇస్తుంది. మిక్సీ అడుగునో, రిమోటు వెనకనో ఉండే చిన్న ప్లస్ మరలకు ఇది బాగా పనికొస్తుంది. గట్టిగా బిగిసిన మర ముందు రబ్బరు చిరిగిపోతుంది, అంతే.

రెండోది, వాల్వులు అరగదీయడానికి మెకానిక్కులు వాడే గరుకు పేస్టు. దాన్ని కీ కొనకు రాస్తే అందులోని ఇసుకరేణువుల వంటి పలుకులు ఇనుముకూ ఇనుముకూ మధ్య పట్టు కల్పిస్తాయి. కొద్దిగా అరిగిన గాడికి ఇది మందు. పూర్తిగా గుండ్రమైనదానికి కాదు.

మూడోది నూనె. తుప్పు పట్టిన మరకు చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి ఊరనివ్వాలి. కాని మా మరకు తుప్పు లేదు. నూనె కాస్తా చెక్కలోకి ఇంకి మచ్చ పడింది.

నాలుగోది డ్రిల్లింగు. మర తలను మాత్రం తొలిచేస్తే పైనుంచి నొక్కే బిగువు తెగిపోతుంది. అప్పుడు మిగిలిన కాడ చాలాసార్లు కటింగ్ ప్లేయరుతోనో, వేళ్ళతోనో తిరిగి వచ్చేస్తుంది. ఇది మంచి పద్ధతే. ఎడమవైపుకు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే ఇంకా మంచిది, తొలుస్తుండగానే ఒక్కొక్కసారి మర ఊడి వస్తుంది. కాని బిట్ పక్కకు జారితే గొట్టానికే గాయం. ఇక తొలిచిన రంధ్రంలోకి దించి వెనక్కి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ ఉంది, దుకాణాల్లో "ఈజీ అవుట్" అని అడిగితే ఇస్తారు. పేరులో ఉన్న సులువు పనిలో ఉండదు. అది చాలా గట్టి ఉక్కు, గట్టిది కనుక పెళుసు. లోపల విరిగిందంటే దాన్ని మామూలు బిట్ తొలవలేదు. అరిగిన మర పోయి, దాని స్థానంలో ఎవరికీ లొంగని ఉక్కు ముక్క మిగులుతుంది.

రెండో రోజు సాయంత్రం నేను డ్రిల్లింగు మిషను తీశాను. బిట్ కూడా తొడిగాను. అప్పటిదాకా మౌనంగా ఉన్న మేనల్లుడు నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు మామయ్యా. ఇప్పుడు చేస్తే కోపంతో చేస్తాం. రేపు ఎవరికైనా చూపిద్దాం."

ఇరవైమూడేళ్ళ వాడి నోట ఆ మాట విని సిగ్గుపడ్డాను. మిషను లోపల పెట్టేశాను. అరిగిన మర విషయంలో అన్నిటికన్నా గొప్ప పనిముట్టు ఏదని ఎవరైనా అడిగితే, ఆగడం అంటాను.

* * *

మర్నాడు తుపాకి నిండిలేదని, స్ప్రింగు బిగించి లేదని రెండుసార్లు సరిచూసుకుని, సంచీలో పెట్టుకుని మా వీధి వెనక ఉన్న లేత్ దుకాణానికి వెళ్ళాం. పదడుగుల గది. అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన. నేను జరిగిందంతా చెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు. మరను కూడా వెంటనే ముట్టుకోలేదు. ముందు మా కీ అడిగి తీసుకున్నాడు. వెర్నియరుతో దాన్ని కొలిచాడు. తర్వాత మేము ఊడదీసిన ఎడమ మర గుంటను కొలిచాడు. తర్వాత దీపం దగ్గరికి లాక్కుని, కుడి మర గుంట అడుగున ఇంకా అరగకుండా మిగిలిన కొసను కొలిచాడు. అప్పుడు తలెత్తి నవ్వాడు.

"గీ మర సూతు లెక్కది సార్. మీ చాబీ మిల్లీమీటర్ది. పిలగాడు ఎంత మంచిగ తిప్పినా గంతే. మూలలు పోక ఏమైతయ్?"

సూతు అంటే ఏమిటో తెలియనివారికి: మన వడ్రంగులు, ఫిట్టర్లు అంగుళాన్ని ఎనిమిది సూతులుగా లెక్కిస్తారు. ఒక సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మిల్లీమీటర్లు. మా కీ 3 మిల్లీమీటర్లు. తేడా 0.175 మిల్లీమీటరు, అంటే సుమారు రెండు కాగితాల మందం. ఆ మాత్రం సందుకే ఏమవుతుందని అనిపిస్తుంది. కాని కీ సరిగ్గా సరిపోయినప్పుడు దాని పలకలు గుంట పలకలను వెడల్పుగా ఆనుకుంటాయి, బలం అంతటా పంచుకుంటుంది. సందు ఉన్నప్పుడు కీ ముందు కొద్దిగా పక్కకు తిరిగి, తన ఆరు మూలలతో మాత్రమే గుంట పలకలను గీరుతుంది. మన చేతి బలమంతా ఆ ఆరు సన్నని గీతల మీద పడుతుంది. ఎంత బలవంతుడైతే అంత త్వరగా గుంట పోతుంది. బలహీనుడు తిప్పి ఉంటే బహుశా మర మిగిలేది.

ఎప్పుడో ఎవరో ఆ పక్క మర పోతే, దుకాణంలో దొరికిన అంగుళాల లెక్క మరను తెచ్చి, గొట్టంలోని రంధ్రానికి దానికి తగ్గట్టు కొత్త చూడీలు కోయించి బిగించారన్నమాట. మర చుట్లను మన ఊళ్ళో చూడీలంటారు, గాజులని అర్థం. ఆ చేయించినది బావే కావచ్చు, బావకు ముందు ఆ తుపాకి ఎవరి దగ్గర ఉండేదో వాళ్ళే కావచ్చు. అడగడానికి బావ లేడు. చక్కటి పనే చేశారు, కాని ఒక్క చీటీ రాసి పెట్టలేదు. ఎడమది మిల్లీమీటర్లు, కుడిది సూతు. చూడ్డానికి కవలపిల్లలు.

ఉస్తాద్ పని మొదలుపెట్టాడు. స్ప్రింగు తుపాకి కొట్టే అదురుకు మర వదులవకుండా దానికి ఎవరో బంక రాసి ఉన్నారని చెప్పి, చెక్కమీద తడిగుడ్డ కప్పి, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ కొనను మర తలమీద కాసేపు ఆనించి ఉంచాడు. వేడికి ఆ బంక మెత్తబడుతుంది. తర్వాత గుంటకన్నా వెంట్రుకవాసి పెద్దదైన నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్ ఎంచి, దాన్ని చిన్న సుత్తితో గుంటలోకి దించాడు. నక్షత్రం మొనలు అరిగిన గోడల్లోకి దిగి పట్టుకున్నాయి. ఆ సుత్తి దెబ్బలు రెండు పనులు చేశాయి. బిట్‌ను దింపాయి, మర చుట్ల పట్టునూ కదిలించాయి. అప్పుడు ఆయన విప్పే దిక్కుకు కాకుండా ముందు బిగించే దిక్కుకు ఒక పిసరు తిప్పాడు. తర్వాత వెనక్కి. మళ్ళీ ముందుకు. మళ్ళీ వెనక్కి. 'టిక్' మని చిన్న చప్పుడు. మర వచ్చేసింది.

పది నిమిషాలు పట్టింది. అందులో ఆరు నిమిషాలు కొలవడానికే పట్టిందని నా లెక్క.

మేనల్లుడు ఆ మరను అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. చూస్తే ఏమనాలో నాకూ తెలియదు.

* * *

ఇక నా అభిప్రాయం. తప్పు చేతిది కాదు, కొలతది. మనం చేతిని తిడతాం, ఎందుకంటే చేయి కనిపిస్తుంది. కొలత కనిపించదు.

ఈ పాఠానికీ మా పేటకూ ఒక పాత చుట్టరికం ఉంది. అంబర్‌పేట నుంచి మూసీ దాటితే మూసారాంబాగ్. ఆ పేరు నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మొష్యో రేమండ్‌ది. 1798లో మరణించిన ఆయన్ను జనం మూసా రాం చేసుకున్నారు. ఫతే మైదానం పక్కన, మనం ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అని పిలిచే తోప్‌కా సాంచా ఆయన పర్యవేక్షణలో నడిచిందే. ఆ కాలపు తుపాకుల్లో ప్రతి మరనూ ఒక మనిషి చేత్తో ఆకురాయి పట్టి, దాని రంధ్రానికి దాన్ని సరిచేసేవాడు. ఒక తుపాకి మర మరో తుపాకికి పట్టేది కాదు. విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవలసిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1785లో, పారిస్ దగ్గర ఒనోరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారు కుప్పగా పోసిన విడిభాగాల్లోంచి చేతికందినవి తీసి, ఒకదానికొకటి సరిపోయేట్టు తుపాకి తాళాలు కూర్చి చూపించాడు. అది చూసినవారిలో అప్పటి అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ ఒకడు. ఆశ్చర్యపడి ఆ సంగతి స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఆయన్ను ఆశ్చర్యపరచింది బ్లాంక్ చేతి నేర్పు కాదు. కొలత ఒకటైతే ఎవరి చేతికైనా ఆ నేర్పు అందుతుందన్న సంగతి.

తర్వాత 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మర చుట్లకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. చుట్టు కోణం 55 డిగ్రీలు, ఫలానా లావుకు అంగుళానికి ఫలానా ఇన్ని చుట్లు. అదే ఆ దేశపు ప్రమాణమై, దొరల కాలంలో మన కర్మాగారాలకూ, రైళ్ళకూ వచ్చింది. ఆ విట్‌వర్తే తర్వాత ఒక రైఫిలు కూడా తయారుచేశాడు, దాని గొట్టం లోపలి రంధ్రం ఆరు పలకలది. 1860లో వింబుల్డన్ పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినది ఆ రైఫిలుతోనే. మరకూ తుపాకికీ ఇంతకన్నా దగ్గరి బంధుత్వం ఎక్కడుంటుంది?

మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్ కొలతలకు మారింది. గజాలు పోయి మీటర్లు, శేర్లు పోయి కిలోలు వచ్చాయి. బడిలో అంగుళం పాఠం కింద గతమైపోయింది. కాని కోఠీ దగ్గర ట్రూప్ బజారులోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో మరలు కొనడానికి వెళ్ళండి. సూతులూ మిల్లీమీటర్లూ ఒకే బల్లమీద, పక్కపక్క డబ్బాల్లో ఉంటాయి. ఇంట్లో కుళాయి అరంగుళం, దాన్ని బిగించే పానా మిల్లీమీటర్లు. ఇందులో నేరమేమీ లేదు. రెండు భాషలు వచ్చిన ఇంట్లో రెండు భాషలూ వినిపిస్తాయి. ఏ మాట ఏ భాషదో తెలియకుండా మాట్లాడితేనే చిక్కు. ఇదొక్క అంగుళం గొడవే కూడా కాదు. అందరం ప్లస్ అని పిలిచే మరల్లో కూడా జపాను ప్రమాణం వేరు, అమెరికా ఫిలిప్స్ వేరు. పాత జపాను మోటారుసైకిలు మరను ఫిలిప్స్ స్క్రూడ్రైవరుతో తిప్పి పాడుచేసి, "మర మెత్తటి ఇనుముది" అని నిందించినవాళ్ళు లెక్కలేనంతమంది.

"ఒక చిన్న మరకు ఇంత రాద్ధాంతమా?" అని అడగవచ్చు. అడిగేవాళ్ళకు ఒక విమానం సంగతి చెబుతాను. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం బర్మింగ్‌హామ్ నుంచి మలగాకు బయలుదేరింది. పదిహేడు వేల అడుగుల ఎత్తులో పైలట్ ఎదుటి అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి పోయింది. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వేలాడారు. ఇరవై నిమిషాల పాటు ఆయన అలాగే ఉండగా, సహ పైలట్ సౌతాంప్టన్‌లో విమానాన్ని దింపాడు. అద్భుతమేమిటంటే అందరూ బ్రతికారు, కెప్టెన్‌తో సహా. కారణం వెతికితే, అంతకు ముందు రోజే ఆ అద్దాన్ని మార్చి బిగించిన 90 బోల్టుల్లో 84 బోల్టులు ఉండవలసిన దానికన్నా 0.026 అంగుళం సన్నం. మిగిలిన ఆరూ పొట్టివి. బిగించిన వ్యక్తి సోమరి కాడు, అనుభవజ్ఞుడు. పట్టికలో సంఖ్య చూడకుండా, పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితో సరిచూసి కొత్తవి తీసుకున్నాడు. "ఎడమదానికి సరిపోయింది కదా" అని నేను అన్నట్టే.

అందుకే "అనుభవం ఉంటే చాలు, కొలతలెందుకు" అనే వాదం నాకు రుచించదు. మా ఉస్తాద్‌కు నలభై ఏళ్ళ అనుభవం ఉంటుంది. ఆ అనుభవం ఆయనకు నేర్పింది కంటితో చూసి చెప్పేయడం కాదు, ముందు వెర్నియరు తీయడం.

అలాగే "మనకెందుకు, ఆ పని తెలిసినవాళ్ళకు ఇచ్చేద్దాం" అనే వాదం కూడా సగమే నిజం. స్ప్రింగు తుపాకి లోపలి గొట్టాన్ని విప్పడం వంటివి నిజంగానే తెలియనివాళ్ళు చేయకూడదు. బిగించి ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడుదలైతే ముఖం మీదికి వస్తుంది. కాని కుందా విప్పుకోవడం, ఫ్యాను రెక్కలు బిగించుకోవడం, కళ్ళజోడు మర తిప్పుకోవడం ఇంటివాళ్ళ పనులే. మేకుకూ మరకూ తేడా అదే. మేకు కొట్టినవాడు ఇక దాన్ని విప్పే ఉద్దేశం లేనివాడు. మర బిగించినవాడు, మళ్ళీ ఎవరో ఒకరు దీన్ని విప్పుతారని తెలిసి బిగించినవాడు. అలాంటప్పుడు ఆ వచ్చే మనిషికి ఒక్క మాట రాసి పెట్టాలి కదా. నూటికి తొంభై వస్తువులమీద ఎక్కడా మర కొలత రాసి ఉండదు. బాగుచేసినవాళ్ళు ఏం మార్చారో ఎక్కడా చెప్పరు. నన్నడిగితే కొలత రాయకుండా మర మార్చడం, సంతకం లేని ఉత్తరం రాయడం వంటిది.

మరొక సంగతి మరింత నొప్పి కలిగించింది. మా మేనల్లుడు రోజంతా అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదువుతాడు. వాడిలాంటి పిల్లలు అక్కడ చెట్ల కింద, మెట్లమీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పుస్తకం పట్టుకుని కనిపిస్తారు. అంగుళానికి ఎన్ని మిల్లీమీటర్లని నిద్రలో లేపి అడిగినా 25.4 అని చెబుతారు. నేనూ చెబుతాను. ఆ సంఖ్య ఇద్దరికీ తెలిసి ఉండగానే ఆ మర పాడయింది. కీ వదులుగా ఉందని వాడి వేళ్ళు చెప్పాయి. వేళ్ళు చెప్పిన సంగతి చదువుకు అందేలోపల ఒక పెద్దమనిషి, అంటే నేను, "వదులేమీ కాదు" అనేశాను. చదువు చేతుల్లోకి దిగకపోవడం ఒక లోపం. చేతులు చెప్పేది పెద్దరికం వినకపోవడం రెండో లోపం. మొదటిదానికి బడులను తప్పుపట్టవచ్చు. రెండోదానికి ఎవరి ఇంట్లో వాళ్ళే జవాబుదారీ.

* * *

ఉస్తాద్ ఆ రంధ్రానికి సూతు లెక్క మరే కొత్తది ఇచ్చాడు. మళ్ళీ రంధ్రం పెద్దది చేసి మిల్లీమీటర్లకు మార్చడం ఎందుకు, ఉన్న చూడీలు బాగున్నాయన్నాడు. డబ్బులు అడిగితే మర ఖరీదు మాత్రం తీసుకున్నాడు. నేను బలవంతం చేస్తే ఒక యాభై తీసుకుని, వెర్నియరు కొనుక్కోమని సలహా ఇచ్చాడు. కొనుక్కున్నాను.

ఆ సాయంత్రం వాణ్ణి గది దగ్గర దించడానికి స్కూటరు మీద బయలుదేరాను. నారాయణగూడ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. చిక్కడపల్లిలో ఒక హోటలు ముందు ఆపి టీ చెప్పాను. అన్నాను చివరికి. "ఆ రోజు నాన్న పేరెత్తి అన్న మాట తప్పురా. కీ నాది, మాట నాది. నీ చేతిలో ఏ తప్పూ లేదు."

వాడు కాసేపు టీ కప్పులోకి చూశాడు. తర్వాత నవ్వాడు.

"నాన్న కూడా కీలు సరిగ్గా పెట్టుకునేవాడు కాదులే మామయ్యా. మా ఇంట్లో ఇప్పటికీ నాలుగు కుర్చీలకు నాలుగు రకాల మరలు."

బావను నాలుగేళ్ళుగా నేను ఒక తప్పుచేయని మనిషిగా బీరువామీద పెట్టి ఉంచానని అప్పుడు తెలిసింది. వాడికి మాత్రం వాళ్ళ నాన్న తప్పులతో సహా గుర్తున్నాడు.

వడ్రంగి లోపలి గాడి చెక్కి ఇచ్చాక తుపాకి మళ్ళీ మా ఇంట్లోనే కూర్చాం. ఈసారి ఎడమ కీ వేరు, కుడి కీ వేరు, రెంటికీ రెండు రంగుల దారాలు కట్టాం. గొట్టం బిగించే ముందు మేనల్లుడు కొత్త కుందా లోపలి గాడిలో, బయటికి కనిపించని చోట, పెన్సిలుతో రాశాడు: "ఎడమ 3 మి.మీ., కుడి 1 సూతు." కింద తేదీ వేశాడు.

మళ్ళీ అది విప్పేది ఎవరో, ఎన్నేళ్ళకో. వాళ్ళింట్లో మాత్రం ఆ మర కారణంగా ఎవరూ ఎవరినీ ఒక మాట అనరు. అంతమాత్రం చాలు.